పైగుడ్డ ఒక్కరిది, కుట్టు అందరిది

హోస్ట్: నమస్కారం. ఈ రోజు బొంతల గురించి మాట్లాడుకుందాం. మనతో ఉన్న అక్క బెజవాడలో ప్రతి శనివారం ఇంకో ఏడుగురితో కలిసి బొంతలు కుడతారు. కప్పుకునేవి కాదు, గోడకు వేలాడదీసేవి. అక్కా, బొంతను గోడకెక్కించాలని ఎలా అనిపించింది?

అక్క: మా అమ్మమ్మ బొంత చిరిగితే బాగు చేద్దామని అంచు విప్పానమ్మా. లోపల ఐదు పొరలున్నాయి. ఒకటి మా అమ్మ చిన్నప్పటి లంగా, ఇంకొకటి తాతయ్య పంచె. ఇన్నేళ్లూ కప్పుకున్నాం గానీ లోపల ఏముందో మాకే తెలీదు. ఆ పంచెను పైకి తెచ్చి, దాని మీద కుట్టాను. అదే మొదటిది.

హోస్ట్: అమ్మమ్మ ఒక్కతే కుట్టేదా?

అక్క: లేదు లేదు. అన్నాలయ్యాక అరుగు మీద పరిస్తే నాలుగు వైపులా నలుగురు కూర్చునేవారు. గోనెసంచులు కుట్టే దబ్బనమే సూది. ఏ కుట్టు ఎవరిదో చూడగానే చెప్పేయొచ్చు. పెద్దమ్మవి చీమల బారులా దగ్గర దగ్గరగా ఉండేవి. అమ్మమ్మవి బారెడు బారెడు.

హోస్ట్: మరి మీ గ్రూపులో? అన్నీ ఒకేలా రావాలంటారా?

అక్క: మొదట్లో అన్నాం. అంగుళానికి ఎనిమిది కుట్లని రూల్ పెట్టుకున్నాం. ఒకటే టెన్షన్! ఒకామె స్కేలు పెట్టి కొలిచేది. ఇంకొకామె ఇంటికెళ్లి రాత్రంతా విప్పి మళ్లీ కుట్టుకొచ్చేది. ఇద్దరు మానేశారు కూడా. అప్పుడే గీస్ బెండ్ బొంతల గురించి చదివాను.

హోస్ట్: అదెక్కడ అక్కా?

అక్క: అమెరికాలో, అలబామా రాష్ట్రంలో. నది మూడు వైపులా చుట్టేసిన పల్లె. బానిసలుగా బతికినవాళ్ల వారసులు, పత్తి చేలల్లో పని చేసిన నల్లజాతి కుటుంబాలు. పొలానికి తొడుక్కున్న జీన్స్ చిరిగితే వాటితోనే కుట్టేవారు. మోకాలి దగ్గర వెలిసిన నీలం, జేబు పీకేసిన చోట మిగిలిన ముదురు నీలం, అన్నీ అలాగే కనిపిస్తాయి. వాళ్లు ఓటు హక్కు కోసం నిలబడితే 1962లో అవతలి ఒడ్డుకు వెళ్లే పడవ ఆపేశారు. అది మళ్లీ నడిచింది 2006లో! ఆ పోరాటం రోజుల్లోనే, 1966లో, ఆ చుట్టుపక్కల ఆడవాళ్లు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అని సహకార సంఘం పెట్టుకుని బొంతలు అమ్మారు. 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో గీస్ బెండ్ బొంతలను గోడలకు పెట్టారు.

కానీ నన్ను పట్టేసింది వేరే విషయం. పైన ముక్కలు అతికే పని ఎవరికి వారే చేసుకునేవారు. ఏ రంగు పక్కన ఏ రంగో పూర్తిగా ఆమె ఇష్టం. పొరలన్నీ కలిపి కుట్టేటప్పుడు మాత్రం ఇరుగుపొరుగు వచ్చి కూర్చునేవారు. మేమూ అదే పద్ధతి పెట్టుకున్నాం. పైగుడ్డ ఒక్కరిది, కుట్టు అందరిది. ఒకరు వేసిన కుట్టు ఇంకొకరు విప్పకూడదు. మానేసిన ఇద్దరూ తిరిగొచ్చారు.

హోస్ట్: మన దగ్గర్లో కూడా ఇలాంటివి ఉన్నాయా?

అక్క: ఎందుకు లేవు! కర్ణాటకలో, ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీలున్నారు, ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ల సంతతి. వాళ్ల బొంతను కవంది అంటారు. అంచు దగ్గర మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ మధ్యకు వస్తారు. చివర్లో మూలలకు మడత ముక్కలు పెడతారు. వాటిని ‘ఫూల’ అంటారు, అంటే పువ్వు. అవి లేకపోతే ఆ బొంతకు ఒంటి మీద బట్ట లేనట్టే లెక్క.

హోస్ట్: మీ బొంతల మీద అద్దాలు చూశాను.

అక్క: అది మా గ్రూపులో ఒకామె నేర్పింది. వాళ్లది లంబాడీ తండా. అద్దానికి రంధ్రం ఉండదు కదా, ఎలా నిలుస్తుందనుకునేదాన్ని. ముందు అద్దం మీద అడ్డంగా, నిలువుగా దారాలు చట్రంలా బిగిస్తారు. ఆ చట్రాన్ని పట్టుకుని చుట్టూ కుడుతూ వస్తే అద్దం కూర్చుంటుంది. మేం నెల రోజులు నేర్చుకుని మాది లంబాడీ పని అని చెప్పుకోవడం తప్పు. అందుకే ఎక్కడ పెట్టినా నేర్పిన ఆమె పేరు ముందు రాస్తాం.

హోస్ట్: చేయి తిరిగాక కూడా పాడైనవి ఉన్నాయా?

అక్క: ఉంది. పాత చీరల మధ్య ఒక కొత్త ఎర్ర గుడ్డ పెట్టాను. ఉతికితే రంగు దిగి, పక్కనున్న తెల్ల ముక్క మీదికి పాకింది. ఆ తెల్లది మా గ్రూపులో ఒకామె చనిపోయిన వాళ్లమ్మ చీర ముక్క. ఎన్నిసార్లు ఉతికినా పోలేదు. ఆమె ఒక్క మాట అనలేదు, కానీ నాకు వారం రోజులు నిద్ర లేదు. ఇప్పుడు ఏ కొత్త గుడ్డ వచ్చినా వేడి నీళ్లలో నానబెట్టి, తెల్ల గుడ్డతో గట్టిగా రుద్ది చూస్తాం. రంగు అంటితే పక్కన పెట్టేస్తాం.

హోస్ట్: అక్కా, మా నాయనమ్మ చీర ఒకటి నా దగ్గరుంది. కత్తెర పెట్టడానికి చేయి రావడం లేదు.

అక్క: కోయకు. నిలువునా మడిచి అలాగే లోపలి పొరగా పెడదాం. కొంగు మాత్రం పైకి వదులుదాం. శనివారం పట్టుకురా. దబ్బనం వద్దు, పాత నేతకు పెద్ద రంధ్రాలు పడతాయి. సన్నసూదులు మా దగ్గరున్నాయి.