రేవు గేటు ముందు

(కాకినాడలో ఒక వర్తక సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, ఎగుమతిదారులకు, మిల్లర్లకు, లారీ యజమానులకు, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ, బస్తాలు మోసే ముఠాల మేస్త్రీలకు నమస్కారం. ముందు వరుసల్లో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. మేస్త్రీలు వచ్చి కూర్చోవాలి. మీరు కూర్చున్నాకే మొదలుపెడతాను.

సంతోషం.

ఆహ్వాన పత్రికలో నా పేరు పక్కన ‘రాష్ట్ర వాణిజ్యాభివృద్ధిలో రవాణా మౌలిక వసతుల పాత్ర’ అని వేశారు. కార్యదర్శిగారు ఫోను చేసి ఏం మాట్లాడతారని అడిగితే నేను ‘లారీల గురించి’ అన్నాను. ప్రెస్సుకు వెళ్లేసరికి అది ఇంత పొడుగైంది. సరే, ఇరవై నిమిషాలిచ్చారు. ఉద్యోగమంతా గోదాముల దగ్గర, ఓడకు సరుకు చేర్చే బార్జీ పడవల దగ్గర బస్తాలు లెక్కపెట్టి టాలీ రాసినవాణ్ని. గణాంకాలు కావలసినవారికి నా తరువాత మాట్లాడే ప్రొఫెసరుగారు ఉన్నారు.

ఇలాంటి సభల్లో అందరూ చెప్పేది ముందు చెప్పేస్తాను. మన రాష్ట్ర తీరం 974 కిలోమీటర్లని చిన్నప్పుడు చదువుకున్నాం. ఈ మధ్య కొత్త పద్ధతిలో కొలిస్తే 1,053 అయింది. విశాఖ రేవు 1933 నుంచి ఉంది. కృష్ణపట్నం 2008లో, గంగవరం 2009లో వచ్చాయి. రామాయపట్నం, మచిలీపట్నం, మూలపేట కడుతున్నారు. రాయపూర్ నుంచి విశాఖకు 464 కిలోమీటర్ల ఆరు వరుసల రహదారి వేస్తున్నారు. 2022లో జాతీయ లాజిస్టిక్స్ విధానం కూడా ప్రకటించారు. ఇవన్నీ మంచివే. చప్పట్లు కొట్టాలనుకున్నవారు ఇప్పుడే కొట్టేయండి, ఆ తరువాత అవకాశం రాకపోవచ్చు.

ప్రతి రేవు శంకుస్థాపనలోనూ ఓడలు ఆగే బెర్తులెన్నో చెబుతారు, లోతు ఎన్ని మీటర్లో చెబుతారు, ఏడాదికి ఎన్ని మిలియన్ టన్నులో చెబుతారు. గేటు బయట ఎన్ని లారీలు నిలబడగలవో, నిలబడిన డ్రైవరు ఎక్కడ స్నానం చేస్తాడో చెప్పినవారిని మీరు చూశారా? నేనైతే చూడలేదు.

మన ఊరి సంగతే తీసుకుందాం. బాస్మతి కాని బియ్యం ఎగుమతిలో దేశంలో కాకినాడది పెద్ద పేరు. గోదావరి జిల్లాల బియ్యం ఒక్కటే కాదు, తెలంగాణది, ఛత్తీస్‌గఢ్‌ది, ఒడిశాది కూడా ఇక్కడికే వస్తుంది. ఇక్కడి నుంచి పశ్చిమ ఆఫ్రికా దాకా వెళ్తుంది. బెనిన్‌లో, టోగోలో, ఐవరీ కోస్టులో పొయ్యి మీద ఉడికే అన్నంలో మన ఉప్పుడు బియ్యం ఉంది. ఒకప్పుడు మనవాళ్లు ఇదే తీరం నుంచి, కోరంగి నుంచి ఓడెక్కి రంగూన్ వెళ్లి అక్కడి బియ్యం మిల్లుల్లో బస్తాలు మోశారు. ఇప్పుడు మన బియ్యమే ఓడెక్కుతోంది. బస్తా కిందున్న వీపు మాత్రం అప్పుడూ ఇప్పుడూ మనదే.

కాకినాడ బయటివారు ఎవరైనా ఉంటే వారి కోసం ఒక ముక్క. మన యాంకరేజి రేవులో ఓడ ఒడ్డుకు రాదు. గోదావరి తెచ్చిన ఒండ్రుతో ఏర్పడిన హోప్ ఐలండ్ అలలకు అడ్డుగా ఉంటుంది. ఆ చాటున నడి అఖాతంలో ఓడ లంగరు వేసుకుంటుంది. బియ్యం లారీలో కాలువ గట్టుకు వస్తుంది. ముఠావారు బార్జీలోకి దించుతారు. బార్జీ సముద్రంలోకి వెళ్లి ఓడ పక్కన ఆగుతుంది. అక్కడ మళ్లీ బస్తాలను కట్టలు చేసి ఓడ మీదికి ఎత్తుతారు. చినుకు పడితే అంతా బందు. 1997లో లోతైన రేవు వచ్చింది. యాంకరేజిలో ఒత్తిడి తట్టుకోలేక 2021లో బియ్యానికి కూడా దాన్ని వాడుకోవడానికి అనుమతించారు. కొంత తేలికపడింది. గేటు ముందు వరుస మాత్రం పోలేదు.

25 వేల టన్నుల ఓడ అనుకోండి. లారీకి 25 టన్నులు వేసుకుంటే వెయ్యి లారీలు. 50 కిలోల బస్తా అయితే అయిదు లక్షల బస్తాలు. ఒక్కో బస్తా మిల్లులో ఒకసారి ఎక్కుతుంది, గోదాములో దిగుతుంది, మళ్లీ లారీ ఎక్కుతుంది, బార్జీలోకి దిగుతుంది. ఓడ ఎక్కేలోపే నాలుగుసార్లు ఒక మనిషి మెడ మీద కూర్చుంటుంది. ఇంకో పక్క విశాఖ చూడండి. 1960 దశకంలో జపానుకు ఇనుప ఖనిజం పంపడం కోసం కొండలు తొలిచి కొత్తవలస నుంచి కిరండూల్‌కు రైలు మార్గం వేశారు. బైలదిల్లా గని దగ్గర వ్యాగను నింపేది యంత్రమే, రేవులో ఖాళీ చేసేది యంత్రమే. గనిని, పట్టాలను, రేవును కలిపి ఒకే పనిగా ఆలోచించారు. రాయికి చేసిన ఆ మర్యాద బియ్యానికి ఇంతవరకూ ఎవరూ చేయలేదు.

రైలు మాట వచ్చింది కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, నాకు కనిపిస్తూనే ఉంది. కాకినాడ ఇంత పెద్ద రేవుపట్నమై ఉండి మద్రాసు-హౌరా ప్రధాన లైను మీద లేదు. సామర్లకోటలో దిగి రావాలి. కాకినాడ నుంచి పిఠాపురానికి లైను కలిపితే చాలని ఎన్ని వినతిపత్రాలు వెళ్లాయో ఈ హాలులో ఉన్న పెద్దలందరికీ తెలుసు, సంతకాలు మీవే కాబట్టి. ఇక కాకినాడ-కోటిపల్లి లైను సంగతి. 1928లో వేశారు, సుమారు 45 కిలోమీటర్లు. రెండో ప్రపంచ యుద్ధం రాగానే యుద్ధ అవసరాలకని పట్టాలు ఊడదీసుకుపోయారు. యుద్ధం 1945లో అయిపోయింది. పట్టాలు తిరిగి వచ్చింది 2004లో! లోక్‌సభ స్పీకరుగా ఉన్న బాలయోగిగారు పట్టుబట్టబట్టి అయినా వచ్చాయి. ఆయన చూడకుండానే పోయారు. ఆ లైనును కోటిపల్లి నుంచి గోదావరి పాయలు దాటించి నరసాపురం చేర్చాలని 2000లో మంజూరు చేశారు. కోనసీమ కొబ్బరికాయ ఈనాటికీ అంబాజీపేట నుంచి లారీలోనే ఉత్తరాదికి వెళ్తోంది.

కాలువల గురించి రెండే మాటలు. ధవళేశ్వరం ఆనకట్టను 1847 నుంచి 1852 వరకు కట్టిన కాటన్ దొర కాలువను సాగుకు మాత్రమే తవ్వలేదు, పడవకు కూడా తవ్వాడు. అందుకే లాకులు పెట్టాడు. గోదావరి, కృష్ణా కాలువలు, ఆ కింద బకింగ్‌హాం కాలువ ఒకదానితో ఒకటి కలిసి కాకినాడ నుంచి మద్రాసు దాటి పడవ మీద సరుకు వెళ్లేది. 2008లో దీన్నే నాలుగో జాతీయ జలమార్గమని చట్టం చేశారు. కాకినాడ నుంచి పుదుచ్చేరి వరకు కాలువలు, వాటితో పాటు గోదావరి, కృష్ణల్లో కొంత భాగం, మొత్తం 1,078 కిలోమీటర్లు. ఆ జాతీయ జలమార్గంలో ప్రస్తుతం నిరాటంకంగా ప్రయాణిస్తున్నది గుర్రపుడెక్క.

ఇవన్నీ ఎందుకు చెప్పానంటే, రైలు లేక, కాలువ లేక ఆ బరువంతా లారీ మీద పడింది. లారీ బరువు డ్రైవరు మీద పడింది.

ఈ హాలులో లారీ క్యాబిన్‌లో ఒక్క రాత్రి పడుకున్నవారు చేతులెత్తండి. సిగ్గుపడవద్దు... వెనక వరుసల్లో చాలా చేతులున్నాయి. వేదిక మీద? లేరు. సరే, దించండి.

పడుకోని వారికి చెబుతాను. రేవు ముందు వరుసలో ఉన్న లారీ ఆగినట్టూ ఉండదు, కదిలినట్టూ ఉండదు. గంటకు పది గజాలు జరుగుతుంది. ఆ పది గజాల కోసం డ్రైవరు మేలుకుని ఉండాలి. కునుకు తీస్తే వెనకవాడు ముందుకు దూరతాడు. పూర్వం క్లీనరు ఉండేవాడు, ఒకరు పడుకుంటే ఒకరు చూసుకునేవారు. కిరాయిలు గిట్టక క్లీనరును మానిపించేశారు. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే వచ్చింది, రోజుకు ఎనిమిది గంటలకు మించి పని చేయించకూడదంది. వరుసలో గడిచిన గంటలను పని అనరు, విశ్రాంతి అని ఎలాగూ అనలేరు. పైగా సరుకుతో పాటు ఉండాల్సిన ఈ-వే బిల్లుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు లెక్కన గడువు. రాయపూర్ వైపు నుంచి వచ్చిన లారీకి మూడు నాలుగు రోజులు వస్తాయి. దారిలో పరుగెత్తి మిగుల్చుకున్న సమయమంతా మన గేటు ముందు కరిగిపోతుంది. ఆరు వరుసల రోడ్డు పూర్తయితే వాడు మన ఊరికి ముందుగా చేరతాడు. చేరి ఎక్కువసేపు నిలబడతాడు. అంతే తేడా!

ఒక డ్రైవరు సంగతి చెబుతాను. పేరు చెప్పను, సరుకు ఎవరిదో కూడా చెప్పను. అక్టోబరు నెల, వాయుగుండం రోజులు. ఛత్తీస్‌గఢ్ నుంచి ఉప్పుడు బియ్యం తెచ్చాడు. వర్షానికి ఓడ పని ఆగింది, బార్జీలు ఆగాయి, లారీలు రోడ్డు పొడవునా నిలిచిపోయాయి. రెండు రోజులు బాగానే ఉన్నాడు. మూడో రాత్రి గాలికి బస్తాల మీద కప్పిన పట్టా ఒక మూల చిరిగింది. ఒక్కడే ఉన్నాడు కాబట్టి ఆ చీకట్లో పైకెక్కి కట్టలేకపోయాడు. తన దుప్పటి తీసి చిరుగు మీద కప్పి, పైన రాళ్లు పెట్టి, తాను తడుస్తూ కూర్చున్నాడు. నాలుగో రోజు అన్‌లోడింగుకు వస్తే పై వరుస బస్తాలు తడిసి ఉన్నాయి. నేను చీటీ రాశాను. సరుకుదారు మనిషి వచ్చి తడిసిన బస్తాల విలువ కిరాయిలో కోయమన్నాడు. నిలబడిన రోజులకు హాల్టింగ్ డబ్బు అడిగితే వర్షానికి హాల్టింగ్ ఏమిటని నవ్వాడు.

ఆ డ్రైవరు గొడవ చేయలేదు. నా చేతిలోని మిల్లు కాగితం చూపించి, సగం హిందీలో సగం తెలుగులో ఒక్కటే అడిగాడు. ‘ఎక్కించినప్పుడు పొడి సరుకు అని ఇందులో ఉంది కదా బాబూ. నా లారీలో తడవలేదు. మీ ఊళ్లో తడిసింది. మీ ఊరికి ఎవరు కోస్తారు?’

నా టాలీ పుస్తకంలో తడిసిన బస్తాలకు ఒక గడి ఉంది. చిరిగిన బస్తాలకు ఒక గడి ఉంది. తరుగుకు ఉంది. లారీ ఎప్పుడు వచ్చి వరుసలో నిలిచిందో, ఎప్పుడు ఖాళీ అయి వెళ్లిందో రాయడానికి గడి లేదు. రాయని నష్టం ఎవరిదీ కాదు. అందుకే అది చివరికి అందరికంటే బలహీనుడి జేబులోంచి పోతుంది. ఓడ ఒక రోజు ఆలస్యమైతే దానికి కట్టే డెమరేజీ పరిహారం ఎంతో నిమిషాలతో సహా లెక్క కడతారు, దానికి ఒప్పందముంది, మధ్యవర్తులున్నారు. ఓడ గడియారం ఒకటి, లారీ గడియారం ఇంకొకటి అయ్యాయి మన వ్యాపారంలో.

అయ్యా మిల్లర్లూ, ఎగుమతిదారులూ, ఇది మీకూ తగిలిన దెబ్బే. 2022 సెప్టెంబరులో నూకల ఎగుమతి ఆపి, తెల్ల బియ్యం మీద 20 శాతం సుంకం వేశారు. 2023 జూలై 20న తెల్ల బియ్యం ఎగుమతే ఆపేశారు. మళ్లీ తలుపు తెరిచింది 2024 సెప్టెంబరులో. ఢిల్లీలో సంతకం పడిన క్షణానికి సరుకు ఎక్కడుందన్న దాని మీద లాభనష్టాలు తేలిపోయాయి. ఓడలో ఉంటే బతికింది, వరుసలో ఉంటే పోయింది. గేటు ముందు గడిచే ప్రతి గంటా మీ డబ్బే. మీరు లెక్క వేయడం లేదు కాబట్టి మీకు కనిపించడం లేదు.

రేవు అధికారులు ఏం చేయాలో చెప్పమని కొందరు అడుగుతారు. చెబుతాను: ఊరి బయట లారీలకు ఒక ఆవరణ కావాలి, అందులో మరుగుదొడ్లు, నీళ్ల కుళాయిలు, పైకప్పు ఉన్న షెడ్డు, ఒక కాటా ఉండాలి. వరుస క్రమం చీటీ అక్కడే ఇవ్వాలి. వంతు వచ్చినప్పుడు ఫోనుకు సందేశం పంపాలి. అప్పుడు డ్రైవరు పడుకోగలడు. ఇందులో కొత్తగా కనిపెట్టవలసిన యంత్రమేమీ లేదు. గుడిలో దర్శనానికి సమయం వేసి టోకెను ఇస్తున్నాం కదా. లారీ క్యాబిన్‌కు ఏసీ ఉండి తీరాలని 2025 అక్టోబరు నుంచి నిబంధన తెచ్చారు, సంతోషం. కానీ అది కొత్త లారీలకే. మన వరుసలో ఉన్నవాటి వయసు మీకు తెలుసు.

ఆవరణకు స్థలం కావాలి, నిధులు కావాలి, టెండరు కావాలి. దానికి సంఘం తరఫున తీర్మానం చేయండి, నేనూ సంతకం పెడతాను. పిఠాపురం లైను వినతిపత్రాల మీద కూడా పెట్టాను కాబట్టి నా సంతకం బలమెంతో నాకు తెలుసు. అందుకని ఎవరి అనుమతీ అక్కరలేని పని ఒకటి అడుగుతున్నాను. మీ గోదాముల్లో, మీ మిల్లుల్లో, గట్టు మీద మీరు ఇచ్చే ప్రతి చీటీలోనూ రెండు గళ్లు పెట్టండి. లారీ వచ్చిన సమయం, ఖాళీ అయిన సమయం. డ్రైవరు చేత ఒక సంతకం, మీ గుమాస్తా చేత ఒక సంతకం. ఒక ఏడాది చీటీలు పోగేసి వచ్చే వార్షికోత్సవంలో ఇదే ప్రొఫెసరుగారికి ఇద్దాం. ఆయన కూడి చెబుతారు, కాకినాడ ఏడాదికి ఎన్ని గంటలు నిలబడిందో. అప్పుడు ఆవరణ అడగడానికి మన చేతిలో ఒక అంకె ఉంటుంది.

పాత చీటీ పుస్తకాలు అయిపోయాక చూద్దామని ఎవరో అంటారని నాకు ముందే తెలుసు. అందుకే ఆ రెండు గళ్లతో రబ్బరు స్టాంపులు చేయించి తెచ్చాను. భోజనాల గదికి వెళ్లే తలుపు పక్కన బల్ల మీద పెట్టాను, ఇంకు ప్యాడ్లు కూడా ఉన్నాయి. సంస్థకు ఒకటి చొప్పున తీసుకోండి. తీసుకున్నవారు పక్కనున్న పుస్తకంలో పేరు రాసి, రాసిన సమయం కూడా వేయండి. నమస్కారం.