ఫ్లింట్‌లాక్ టచ్ హోల్ లైనర్ రివ్యూ: ఏ గొట్టానికి పెట్టాలి, ఎక్కడ తప్పుతుంది?

నమస్తే అండి. ఇవాళ చూసే వస్తువు గోరంత ఉంటుంది. టచ్ హోల్ లైనర్, అంటే చెకుముకి రాయి రవ్వతో పేలే ఫ్లింట్‌లాక్ తుపాకీ గొట్టంలో మంట లోపలికి వెళ్లే రంధ్రానికి తొడిగే మర. ఇది 1/4-28 థ్రెడ్ (పావు అంగుళం వెడల్పు, అంగుళానికి 28 చుట్లు) ఉన్న స్టెయిన్‌లెస్ స్టీల్ లైనర్, లోపలి వైపు కోన్ తీసిన రకం. ఫ్లింట్‌లాక్ రైఫిళ్లు కట్టేవాళ్లలో వైట్ లైట్నిన్ అనే పేరుతో బాగా తెలిసిన రకం ఇదే. పక్కన పెట్టింది అది ఎక్కాల్సిన గొట్టం: .45 కాలిబర్, ఎనిమిది పలకలు, పలకకూ ఎదుటి పలకకూ మధ్య 7/8 అంగుళం. కొలతలన్నీ అంగుళాల్లోనే చెబుతాను, ఎందుకంటే ఈ ట్యాపులూ (రంధ్రంలో థ్రెడ్ కోసే పనిముట్లు) బిట్లూ అన్నీ అమెరికా కొలతల్లోనే దొరుకుతాయి.

ముందే ఒక మాట. ఈ వీడియో అమెరికాలో ఫ్లింట్‌లాక్ కిట్లు కట్టుకునేవాళ్ల కోసం. పెన్సిల్వేనియాలో 1974 నుంచి ఫ్లింట్‌లాక్‌లకే ప్రత్యేకంగా వేట సీజన్ ఉంది, అక్కడ ఈ పని తెలిసినవాళ్లు చాలామంది. ఇండియాలో ఉన్నవాళ్లు మాత్రం చూసి వదిలేయండి. మూతి నుంచి మందు దట్టించే తుపాకీకి కూడా 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు కావాలి, మరమ్మతు చేసే చేతికి వేరే లైసెన్సు కావాలి.

సరే, ఈ లైనర్ ఎందుకు? మన భాషలో రంజకం అనే మాట ఉంది కదా, తుపాకీ చెవి దగ్గర వేసే మందు. చెకుముకి రాయి ఫ్రిజెన్‌ను, అంటే ఎదురుగా నిలబడే ఉక్కు ముక్కను గీరితే, రవ్వలు ప్యాన్‌లోని (గొట్టం పక్కన ఉండే చిన్న గిన్నెలోని) రంజకం మీద పడతాయి, ఆ మంట చిన్న రంధ్రం గుండా లోపలి మందును అంటుకోవాలి. మన గొట్టం గోడ మందం లెక్కేయండి: 0.875 లోంచి 0.45 తీసి సగం చేస్తే 0.2125 అంగుళం. తిన్నగా ఒక సన్నని బెజ్జం వేస్తే మంట అంత పొడవు సొరంగం దాటాలి. అందులోకి మందు పొడి దిగిందంటే అది ఒత్తిలా రేణువు వెంట రేణువు కాలుకుంటూ పోతుంది. ట్రిగ్గర్ నొక్కాక "ఫుస్స్" అని ఆగి, తర్వాత "ఢాం" అనేది అందుకే. కోన్ లైనర్‌లో లోపలి వైపు గరాటులా వెడల్పుగా ఉంటుంది, బయటి అంచు దగ్గర పలుచని పొర మాత్రమే మిగులుతుంది. అసలు మందు ఆ గరాటు నిండి ప్యాన్ పక్కకే వచ్చి కూర్చుంటుంది. మంట ఇక ప్రయాణం చేయక్కర్లేదు, తాకితే చాలు.

రెండో లాభం అరుగుదల. ప్రతి కాల్పుకీ వేడి గ్యాస్ ఈ రంధ్రం గుండా బయటికి చిమ్ముతుంది, మెత్తని గొట్టం స్టీలు తొందరగా తినేసుకుపోతుంది. 18వ శతాబ్దం చివర, 19వ శతాబ్దం మొదట్లో లండన్ తుపాకీ పనివాళ్లు మంచి తుపాకుల చెవికి బంగారం, తర్వాత ప్లాటినం తొడిగింది ఈ అరుగుదలకు భయపడే. స్టెయిన్‌లెస్ అదే పని చవగ్గా చేస్తుంది, అరిగితే మార్చుకోవచ్చు.

ఇప్పుడు ఏ గొట్టానికి వద్దో చెబుతాను. 13/16 పలకల గొట్టంలో .50 కాలిబర్ ఉంటే గోడ మందం 0.156. లైనర్ భుజం (బయటి చివర థ్రెడ్ లేని భాగం) కూర్చోవడానికి పైన 1/16 అంగుళం వెడల్పు చేశామనుకోండి, థ్రెడ్‌కి మిగిలేది 0.094. 28 థ్రెడ్ల లెక్కన రెండున్నర చుట్లు. అది చాలదు, మూడు నిండు చుట్లకు తక్కువైతే పెట్టొద్దు. ఎందుకంటే, లోపల చదరపు అంగుళానికి 10,000 పౌండ్ల పీడనం అనుకుంటే, పావు అంగుళం లైనర్‌ను బయటికి నెట్టే బలం దాదాపు 490 పౌండ్లు, అంటే 220 కిలోల పైమాటే. అలాంటి పలుచని గోడకు తిన్నటి రంధ్రమే నయం, సొరంగం పొట్టిదే కాబట్టి పెద్దగా నష్టం లేదు. మన .45 గొట్టంలో అదే లెక్క వేస్తే నాలుగు చుట్లు దాటతాయి. దీనికి నిస్సందేహంగా పెట్టొచ్చు.

ఈ పనిలో గెలుపోటములు డ్రిల్ తిరగకముందే తేలిపోతాయి. గుర్తు పెట్టడం దగ్గర నిదానించండి. మొదట బ్రీచ్ ప్లగ్ (గొట్టం వెనక చివరను మూసే మర) ముఖం ఎక్కడుందో కనుక్కోవాలి. చివర చదునుగా ఉన్న కడ్డీని మూతిలోంచి ప్లగ్‌కు తగిలేదాకా దింపి, మూతి దగ్గర గీత పెట్టి, బయటికి తీసి గొట్టం పక్కన పెట్టి కొలవండి. ఆ గీతను గొట్టం పలక మీదికి ఎక్కించండి. లైనర్ కేంద్రం ఆ గీతకు ముందు, అంటే మూతి వైపు, కనీసం 3/16 అంగుళం ఉండాలి: లైనర్ సగం వెడల్పు 1/8, వదులు 1/16. ఇంతకంటే వెనక్కి పోతే లైనర్ థ్రెడ్ ప్లగ్ థ్రెడ్‌లోకి చొరబడుతుంది. అప్పుడు లైనర్ తీయకుండా ప్లగ్ ఊడదు, గ్యాస్ ప్లగ్ థ్రెడ్‌లోకి పాకి మసి పేరుకుని తుప్పు పట్టిస్తుంది. మరీ ముందుకు జరిపితే రంధ్రం వెనక మందు, మసి చేరే గుంట మిగులుతుంది.

కిట్‌లో లాక్ (రాయి, ఫ్రిజెన్, ప్యాన్ ఉండే యంత్రం) కూర్చునే గూడు ముందే చెక్కి ఉంటే ప్యాన్ మధ్య భాగం ఈ గుర్తుకు ఎదురుగా రాకపోవచ్చు. అలా వస్తే గొట్టాన్నో లాక్‌నో జరిపి సరిచేసుకోండి, రంధ్రాన్ని కాదు. ప్లగ్ ముఖంలో గాడి కోసి సర్దేవాళ్లున్నారు. పని చేస్తుంది, కానీ ఆ గాడిలో మసి దాక్కుంటుంది, ప్లగ్ ఎప్పుడు బిగించినా సరిగ్గా అదే చోట ఆగాలి. ఆ దారి మాకు నచ్చదు.

ఎత్తు సంగతి: లాక్ బిగించి, ఫ్రిజెన్ తెరిచి, ప్యాన్ పైఅంచు వెంట పలక మీద సన్నగా గీత గీయండి. రంధ్రం కేంద్రం ఆ గీత మీదే, లేదా వెంట్రుకవాసి పైన. ప్యాన్ అడుగుకు దించితే రంజకం రంధ్రాన్ని కప్పేస్తుంది, మళ్లీ ఒత్తి కథే. ఎడమ కుడి దిక్కున ప్యాన్ నడిమధ్య.

ఇక డ్రిల్లింగ్. గొట్టాన్ని డ్రిల్ ప్రెస్ వైస్‌లో పలక సరిగ్గా సమతలంగా ఉండేలా బిగించండి, గొట్టం మిగతా పొడవుకు కింద ఆధారం ఇవ్వండి. మొదట 1/16 బిట్. డెప్త్ స్టాప్ (బిట్ ఇంత లోతు దాటకుండా ఆపే అడ్డు) పెట్టకుండా మొదలుపెట్టొద్దు, బిట్ ఒక్కసారిగా లోపలికి దూసుకుపోయి ఎదుటి గోడను గీరితే ఆ గాయం పోదు. గొట్టంలో బిగుతుగా ఒక గట్టి కర్ర ముక్క దూర్చి ఉంచితే ఇంకా మంచిది. ఈ సన్న రంధ్రం పడ్డాక ఆగి, లాక్ మళ్లీ బిగించి చూడండి. కాస్త పక్కకు వెళ్లిందా? ఇప్పుడైతే సూది ఆకురాయితో ఒక వైపు రాసి సరిచేయొచ్చు, తర్వాత కుదరదు.

సరిగ్గా ఉంటే 1/8 బిట్, ఆ తర్వాత 1/4-28 ట్యాప్‌కు సరిపోయే 3వ నంబరు బిట్, అంటే 0.213 అంగుళం. దాని మీద భుజం కోసం పావు అంగుళం వెడల్పు. ఈ వెడల్పు లోతు మీ చేతిలోని లైనర్ భుజాన్ని క్యాలిపర్‌తో కొలిచి నిర్ణయించండి, ఎవరో చెప్పిన అంకె కాదు. ఎందుకంత పట్టుదల అంటే, కోన్ చివర మిగిలే పలుచని పొర మందం ఈ లోతే తేలుస్తుంది. లోతు తగ్గితే లైనర్ బయటికి ఎక్కువ పొడుచుకొస్తుంది, దాన్ని పలకకు సమంగా రాసేసరికి పొర కాగితంలా అవుతుంది, కొద్ది కాలంలోనే కాలి రంధ్రం పెద్దదవుతుంది. లోతు పెరిగితే పొర మందమై మళ్లీ సొరంగం తయారవుతుంది, కోన్ కొన్నందుకు ఫలితం లేదు.

ట్యాపింగ్ మోటారుతో వద్దు. గొట్టాన్ని వైస్‌లోంచి కదపకుండా ట్యాప్‌ను చక్‌లోనే పట్టించి, చక్‌ను చేత్తో తిప్పండి, నిలువు తప్పదు. కటింగ్ ఆయిల్ వేయండి. అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి. ఇక్కడ చాలామంది మరిచే విషయం: టేపర్ ట్యాప్ మూతి 7 నుంచి 10 థ్రెడ్ల దాకా సన్నబడి ఉంటుంది. నిండు థ్రెడ్ గోడ దాటేలోపే ఆ మూతి దాదాపు 0.57 అంగుళం లోపలికి పోతుంది. మన .45 గొట్టంలో ఎదుటి గోడ 0.66 దగ్గర ఉంది, సరిపోతుంది. ట్యాప్ చేసేటప్పుడు కర్ర తీసేయాలి సుమా. అదే 13/16 పలకల .32 కాలిబర్‌లో ఎదుటి గోడ 0.566 దగ్గరే, ట్యాప్ మూతి తగిలి విరుగుతుంది. చిన్న కాలిబర్‌కు టేపర్ ట్యాప్‌తో మొదలుపెట్టి, మధ్యలో ఆపి, ప్లగ్ ట్యాప్‌తో (మూతి తక్కువ సన్నబడిన రకం) ముగించండి. రంధ్రంలో విరిగిన ట్యాప్ తీయడం కంటే కొత్త గొట్టం కొనడం సులువు అనిపిస్తుంది.

రజను మొత్తం తుడిచి లైనర్ ఎక్కించండి. లోపలి చివర గొట్టం లోపలికి పొడుచుకొస్తే శుభ్రం చేసే గుడ్డ ప్రతిసారీ చిక్కుకుంటుంది, దట్టించే కడ్డీ తగులుతుంది. గొట్టం లోపల గుండ్రం కాబట్టి గోడ అన్ని చోట్లా ఒకే మందం కాదు, మధ్యలో అన్నిటికంటే పలుచన. ఆ పలుచని చోటి కొలతకు, ఇంకా ఓ 0.010 తక్కువగా, లైనర్ లోపలి చివరను రాయండి. మధ్యలో కంటే పైన కింద ఇంకో 0.038 దాకా లోపలికి ఉన్నట్టు కనిపిస్తుంది, అది సహజం. మూతిలోంచి చిన్న లైటు దింపి నిర్ధారించుకోండి.

చివరి బిగింపుకు ముందు థ్రెడ్‌కి యాంటీ-సీజ్ పేస్టు సన్నగా రాయండి. స్టెయిన్‌లెస్ స్టీలు పొడిగా బిగిస్తే మధ్యలోనే పట్టేస్తుంది. భుజం గట్టిగా కూర్చునేదాకా స్క్రూడ్రైవర్‌తో బిగించండి. భుజం చుట్టూ వెంట్రుక దూరే సందు కనిపించినా విప్పి చూడాలి, గ్యాస్ అక్కడే కోసుకుపోతుంది. తర్వాత గాడి ఉన్న తల భాగం కోసేసి, చుట్టూ పలక మీద టేపు అంటించి, నున్నని ఆకురాయితో పలకకు సమం చేయండి. ప్యాన్ అంచు గొట్టానికి ఆనుకుంటుంది కాబట్టి కాస్త ఎత్తు మిగిలినా అక్కడ సందు పడి రంజకం జారిపోతుంది.

ఇక్కడే ఈ లైనర్ మీద మా ఒక్క ఫిర్యాదు. తల కోసేశాక స్క్రూడ్రైవర్‌కు పట్టు ఉండదు. మార్చాలంటే డ్రిల్ చేసి తీయాలి, థ్రెడ్ పాడైతే 5/16-24కు పెంచుకోవాలి. గాడి కనిపిస్తూ ఉండే రకం తీయడం తేలిక, కానీ చూపుకు బాగుండదు, ఆ గాడిలో మసి చేరుతుంది. పాత నమూనా రైఫిల్‌కు మేము కోన్ రకాన్నే ఎంచుకుంటాం.

రంధ్రం కొలత 1/16, అంటే 0.0625తో మొదలుపెట్టండి. లోపల త్రీ-ఎఫ్ (సన్న రేణువు) నల్ల మందు, ప్యాన్‌లో ఫోర్-ఎఫ్ (ఇంకా సన్నది). పొగరాని మందు ఎప్పటికీ కాదు, గొట్టమే పేలిపోతుంది. ప్యాన్ వెలిగినా లోపలిది అంటుకోకపోతే ముందు రంధ్రాన్ని సూదితో శుభ్రం చేసి, రాయి పదును చూడండి. అప్పటికీ తప్పుతుంటేనే 51వ నంబరు, తర్వాత 50వ నంబరు బిట్, అంటే 0.067, 0.070, పిన్ వైస్‌లో (సన్న బిట్‌ను పట్టుకునే చేతి పిడిలో) పెట్టి చేత్తో తిప్పండి. 5/64 దాటితే పీడనం వృథా అవుతుంది, పక్కకు చిమ్మే మంట పెరుగుతుంది. ఆ మంట మామూలు రోజుల్లోనే కుడి పక్కన నిలబడ్డ మనిషిని కాలుస్తుంది, అందుకే లైనులో కాల్చేటప్పుడు ఫ్లాష్ గార్డ్ (ఆ మంటకు అడ్డు) బిగించండి. తర్వాత అరుగుదల చూడ్డానికి 5/64 బిట్ వెనక భాగాన్ని రంధ్రంలో పెట్టి చూడండి. అది సులువుగా దూరిన రోజే లైనర్ మార్చే రోజు.