భాగ్యనగరం కాదు బాస్, బాగ్‌నగరం!

చెప్పేస్తున్నా, తిట్టుకునేవాళ్లు తిట్టుకోండి. హైదరాబాద్ పాత పేరులో భాగమతీ లేదు, భాగ్యమూ లేదు. ఉన్నది బాగ్. బాగ్ అంటే తోట!

గోల్కొండ సుల్తాన్ కులీ కుతుబ్ షా తన ప్రేయసి భాగమతి పేరు మీద ఊరికి భాగ్‌నగర్ అని పెట్టాడని ఒక కథ ఉంది కదా. ఆ భాగమతి ఉందా లేదా అని పోయిన వీడియో కింద మీరంతా కొట్టుకున్నారు. నాదొకటే మాట. సిటీ బస్సు బోర్డులు చదవండి. బషీర్‌బాగ్, జాంబాగ్, కుందన్‌బాగ్, బాగ్‌లింగంపల్లి, బాగ్ అంబర్‌పేట. పేటలన్నిటికీ తోట పేర్లు పెట్టుకుని, ఊరి పేరు దగ్గరికొచ్చేసరికి మాత్రం లవ్‌స్టోరీ కావాలా?

మూసారాంబాగ్ అయితే ఇంకా మజా. మూసా ఎవరు, రాం ఎవరు అని చిన్నప్పుడు తెగ ఆలోచించేవాణ్ణి. తీరా చూస్తే ఇద్దరూ కాదు, ఒక్క ఫ్రెంచివాడు! నిజాం సైన్యాన్ని నడిపిన మోస్యూర్ (అంటే ఫ్రెంచిలో మిస్టర్) రేమండ్. మనవాళ్ల నోట్లో పడి మూసా రాం అయిపోయాడు. 1798లో ఆయన పోయాడు, తర్వాత తోటా పోయింది. ట్రాఫిక్ జామ్ మిగిలింది.

'మరి ఆ కాలపు చరిత్రకారుడు ఫెరిష్టా భాగమతి గురించి రాశాడుగా' అంటారు. రాశాడు. ఎక్కడ కూర్చుని? ఇక్కడ కాదు, బీజాపూర్‌లో! 20వ శతాబ్దపు చరిత్రకారుడు షేర్వానీ ఆ కథను ఏనాడో కొట్టిపారేశారు. మరి 17వ శతాబ్దంలోనే ఇక్కడికి వచ్చి కళ్లారా చూసిన ఫ్రెంచి నగల వ్యాపారి టావెర్నియే ఏమన్నాడు? బాగ్‌నగర్ అంటే నగర్ అనే రాణి తోట అన్నాడు. 'చూశావా, రాణి వచ్చింది' అని ఎగరకండి. వచ్చింది, ఆమె పేరు నగర్. తోట మాత్రం తోటే!

ఆయనే ఇంకో మాట రాశాడు. రాజమహల్ కమానుల మీద, అంటే మిద్దె పైన, తోటలున్నాయట. అంత పెద్ద చెట్ల బరువును ఆ కమానులు ఎలా మోస్తున్నాయా అని నోరెళ్లబెట్టాడు. మనం మేడ మీద నాలుగు కుండీలు పెడితే చాలు, స్లాబ్ కారుతోందని కింద పోర్షన్ ఆంటీ పైకొచ్చేస్తుంది.

అందుకే ఈ ఆదివారం చార్మినార్ దగ్గర సెల్ఫీకి ఐదు నిమిషాలు చాలు. పొద్దున్నే ఇబ్రహీంబాగ్ వెళ్లి కుతుబ్‌షాహీ సమాధుల మధ్య చెట్ల నీడలో నడవండి. తర్వాత నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్. దాని అసలు పేరేంటో తెలుసా? బాగ్-ఎ-ఆమ్. మళ్లీ బాగే! అక్కడి మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ కూడా ఉంది, పిల్లలు కదలరు.

చివరికి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు దగ్గరికి వెళ్లండి. 1908 సెప్టెంబర్‌లో మూసీ పొంగినప్పుడు 150 మంది దాకా ఆ కొమ్మలు పట్టుకుని బతికారు. అప్పట్లో అదొక పార్కు. అంటే అదీ తోటే!

మీ ఏరియా పేరులో బాగ్ ఉంటే కామెంట్‌లో పెట్టండి. భాగమతి ఫ్యాన్స్, మీరూ రండి, కానీ బస్సు బోర్డు చదివి రండి.