వీ-లుకప్‌లో ఎన్ఏ వస్తోందా? ఇఫ్ఎర్రర్ తగిలించే ముందు ఇది చూడండి

నమస్తే అండి. స్క్రీన్ మీద రెండు ఎక్సెల్ షీట్లు ఉన్నాయి చూడండి, ఇటు పక్కది ట్యాలీలోంచి తీసిన పర్చేజ్ రిజిస్టరు, అటు పక్కది జీఎస్టీ పోర్టల్‌లో దించుకున్న టూబీ, అంటే సప్లయర్లు మన పేరు మీద ఎక్కించిన బిల్లుల లిస్టు. మన బిల్లులన్నీ సప్లయర్లు అక్కడ ఎక్కించారా లేదా అని నెలనెలా చూసుకునే పనే. మన బిల్లు నంబర్ని టూబీలో వెతికే వీ-లుకప్ ఫార్ములా కొట్టి కిందకి లాగాను, సగం సెల్స్‌లో హ్యాష్ ఎన్ఏ, అంటే దొరకలేదని.

ఇక్కడే చాలామంది ఎర్రర్ వస్తే దాని బదులు వేరేది చూపించే ఇఫ్ఎర్రర్ తగిలించేసి ఖాళీ చూపిస్తారు, షీటు నీటుగానే ఉంటది గానీ బిల్లు నిజంగానే రాలేదా, ఉన్నా మన ఫార్ములాకి దొరకలేదా అన్నది ఇక తెలీదు, రేపు ఐటీసీ, అంటే కొన్నప్పుడు కట్టిన జీఎస్టీకి వచ్చే క్రెడిట్, పోతే ఎవర్ని అడుగుతారు?

ఈ 45 నంబరు బిల్లు చూడండి. రెండు వైపులా 45యే, కానీ మన దాంట్లో కుడికి ఆనుకుని ఉంది, టూబీలో ఎడమకి, మూలన చిన్న ఆకుపచ్చ గుర్తు కూడా. అంటే అది టెక్స్ట్‌గా పడింది, ఎక్సెల్‌కి నంబర్ 45 వేరు, టెక్స్ట్ 45 వేరు. టెక్స్ట్‌ని నంబర్ చేద్దాం అనుకోకండి, 0045 అని ఉన్న బిల్లుల్లో ముందు సున్నాలు ఎగిరిపోతాయ్. ఫార్ములాలో మన బిల్లు నంబరున్న ఏ2 పక్కన ఆండ్ గుర్తు (&), ఆ తర్వాత ఖాళీ డబుల్ కోట్స్ పెట్టండి, మనదే టెక్స్ట్ అయిపోద్ది. చూశారా, వచ్చేసింది.

ఇంకా రాకపోతే అక్షరాలు లెక్కపెట్టే లెన్ ఫార్ములా కొట్టి చూడండి, కంటికి 12 అక్షరాలే కనిపిస్తాయి, లెన్ 13 అంటది, చివర్లో స్పేస్ దాక్కుంది. అదనపు స్పేస్‌లు తీసేసే ట్రిమ్ ఫార్ములా చాలు. వెబ్ పేజీలోంచి కాపీ చేసిందైతే ట్రిమ్‌కి కూడా లొంగదు, అది క్యార్ 160 అనే వేరే రకం స్పేస్, ఒకదాని బదులు ఇంకోటి పెట్టే సబ్‌స్టిట్యూట్ ఫార్ములాతో తీసేయాలి. పైన అన్నీ వచ్చి కిందకి పోయేకొద్దీ ఎన్ఏలు పెరుగుతుంటే మాత్రం వెతికే రేంజ్ కిందకి జరక్కుండా పట్టి ఉంచే డాలర్ గుర్తు మర్చిపోయినట్టే, ఫార్ములాలో రేంజ్ మీద ఎఫ్4 నొక్కండి, అంతే.

నన్నడిగితే ఎన్ఏ మంచిదే అండి, లేదని చెప్తోంది కదా. భయపడాల్సింది ఎర్రర్ రాకుండా వచ్చే తప్పు జవాబుకి. ఇద్దరు సప్లయర్లకీ 1 నంబరు బిల్లు ఉందనుకోండి, వీ-లుకప్ పైనుంచి మొదట దొరికినవాడి అమౌంట్ తెచ్చి పెట్టేస్తది, ఏ గుర్తూ రాదు. అందుకే రెండు షీట్లలోనూ సప్లయర్ జీఎస్టీఐఎన్‌ని, అంటే జీఎస్టీ నంబర్ని, బిల్లు నంబర్ని కలిపి కొత్త కాలమ్ చేసి దాంతో వెతకండి, టూబీలో ఆ కాలమ్ ఎడమ చివర ఉండాలి, 2021 వెర్షన్ గానీ 365 గానీ ఉంటే ఎక్స్-లుకప్ వాడండి, ఆ గొడవే లేదు. వీ-లుకప్‌కి చివర్లో సున్నా కూడా ఉండాల్సిందే, వదిలేస్తే దగ్గర్లో ఉన్నదేదో పట్టుకొస్తది.

ఇవన్నీ అయ్యాక కూడా మిగిలిన ఎన్ఏలకి ఇఫ్ఎర్రర్ కాదు, ఎన్ఏని మాత్రమే పట్టుకునే ఇఫ్‌ఎన్ఏ పెట్టి "టూబీలో లేదు" అని రాయించండి, ఇఫ్ఎర్రర్ అయితే ఫార్ములాలోనే తప్పుందని చెప్పే రెఫ్ లాంటి ఎర్రర్లు కూడా మింగేస్తది. ఆ లిస్టు ఫిల్టర్ చేసుకుని ఒక్కో సప్లయర్‌కీ ఫోన్ కొట్టడమే.