తెలుగు వెబ్‌సైటును ఎవరి చేత పరీక్షింపజేయాలి?

సభకు నమస్కారం.

వెబ్‌సైటు పరీక్ష అనగానే పేజీ తెరుచుకుంటోందా, ఫారంలో నింపిన వివరాలు సర్వరుకు చేరుతున్నాయా అని చూడటం మనకు అలవాటు. ఆ పేజీని చూపు లేనివారు విని అర్థం చేసుకోగలరా, మౌస్ పట్టలేనివారు కీబోర్డుతోనే పని ముగించగలరా అన్న విచారణను మాత్రం చివరికి, సమయం మిగిలితే చూద్దామని వదిలేస్తాం. సమయం ఎన్నడూ మిగలదు.

యాసిడ్ దాడిలో కళ్లు దెబ్బతిని రెప్ప వేయలేని వారిని ఈ-కేవైసీ (ఆన్‌లైన్‌లో గుర్తింపు నిర్ధారణ) ప్రక్రియ "కళ్లు ఆర్పండి" అని అడిగితే వారేం చేయాలి? ఈ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. డిజిటల్ సేవలను అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న న్యాయస్థానం తీర్పు చెప్పింది. అటువంటి వినియోగదారు ఒక్కరు పరీక్ష దశలోనే ఎదుట కూర్చుని ఉంటే ఆ లోపం మొదటి రోజే బయటపడేదని నా అభిప్రాయం.

తనిఖీ సాఫ్ట్‌వేర్లు పనికిరావని నేను అనడం లేదు. అక్షరాలకూ నేపథ్యానికీ మధ్య 4.5:1 కాంట్రాస్ట్ (చదవడానికి సరిపడే వెలుగు తేడా) ఉందో లేదో అవి క్షణంలో కొలుస్తాయి. బొమ్మకు వివరణ రాశారా లేదా అన్నదీ చెబుతాయి. ఆ వివరణలో "ఫొటో 42" అని మాత్రమే ఉంటే దానివల్ల ఎవరికీ ఉపయోగం లేదన్న సంగతిని పట్టుకోవడం మాత్రం వాటికి కష్టం.

తెలుగు పేజీలకు ప్రత్యేకమైన చిక్కులు మరికొన్ని ఉన్నాయి. పేజీ భాష తెలుగని కోడ్‌లో ప్రకటించకపోతే, తెరమీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ మన వాక్యాలను ఇంగ్లిషు గొంతుకు అప్పగించే ప్రమాదం ఉంది. అన్ని భాషల అక్షరాలకూ ఒకే సంకేత పద్ధతి అయిన యూనికోడ్‌కు ముందునాటి ఫాంట్లతో టైపు చేసిన పాత పేజీలు కంటికి చక్కని తెలుగుగానే కనిపిస్తాయి కానీ, వాటి లోపల నిల్వ ఉన్నవి వేరే సంకేతాలు కనుక చెవికి అర్థంలేని శబ్దాలే వినిపిస్తాయి. స్కాన్ చేసి పీడీఎఫ్‌గా పెట్టిన ఉత్తర్వుల విషయంలో ఆ శబ్దాలు కూడా ఉండవు, ఎందుకంటే అవి వట్టి బొమ్మలు. అక్షరాలను 200 శాతానికి పెంచి చూస్తే కొన్ని బటన్లలో ఒత్తులు సగానికి తెగిపోతాయి. ఇంగ్లిషు అక్షరాల ఎత్తును బట్టి పెట్టెలు గీసినవారికి "స్త్రీ" అన్న మాటకు ఎంత చోటు కావాలో తట్టదు.

పరీక్షకు పెద్ద ఖర్చేమీ అవసరం లేదు. ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్ ఉచితంగా దొరుకుతుంది, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్ ముందే ఉంటుంది. ఐదుగురితో పరీక్షిస్తే చాలా లోపాలు తెలుస్తాయని వెబ్‌సైట్ల వాడుక సౌలభ్య నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో చెప్పిన లెక్క ఒకే తరహా వినియోగదారులకు వర్తించేది. చూపు లేనివారు, వినికిడి లేనివారు, చేతులు వణికేవారు ఒకే తరహా కారు కనుక ప్రతి వర్గం నుంచీ మనుషులను పిలవాలి, వారి సమయానికి పారితోషికం ఇవ్వాలి. "ఆదాయ ధ్రువీకరణ పత్రానికి దరఖాస్తు చేయండి" అని పని అప్పగించాక మనం మాట్లాడకూడదు. డెవలపర్లకు అన్నిటికంటే కష్టమైనది ఇదే: పరీక్షకు వచ్చినవారు తడబడిన ప్రతిచోటా "అక్కడ నొక్కండి" అనబోతాం, అన్నామంటే ఆ లోపం మన చేతుల్లోనే దాగిపోతుంది. దిద్దుబాటు పూర్తయ్యాక మళ్లీ వారినే పిలవండి, ఎందుకంటే కీబోర్డు కోసం సరిచేసిన మెనూను టాక్‌బ్యాక్ చదవకుండా దాటేయడం అరుదేమీ కాదు.