ముచ్చిక వీడిన దోసపండు: మృత్యుంజయ మంత్రార్థం

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలను పేరుపేరునా సంబోధించడం మర్యాదే గాని, అధ్యక్షులవారు ఇప్పటికే ఆ పనిని ఇరవై నిమిషాలపాటు చేశారు. నాకిచ్చిన నలభైలో నుంచే ఆ ఇరవై తగ్గుతుందని కార్యదర్శిగారు చెవిలో చెప్పారు కాబట్టి ఒక్క నమస్కారంతో సరిపెడుతున్నాను. ఆహ్వాన పత్రికలో నా అంశం ‘మృత్యుంజయ మంత్ర మహిమ’ అని అచ్చయింది. మహిమ చెప్పే అధికారం నాకు లేదు. ముప్పై ఏళ్లు కళాశాలలో సంస్కృతం చెప్పినవాణ్ణి గనుక అర్థం చెబుతాను. ఈ బల్ల మీది దోసపండు ప్రసాదం కాదు, నా సామగ్రి. పొద్దున పటమట రైతు బజారులో కొన్నాను.

త్ర్యంబకం యజామహే సుగంధిం పుష్టివర్ధనమ్, ఉర్వారుకమివ బంధనాన్మృత్యోర్ముక్షీయ మామృతాత్. ఋగ్వేదం ఏడవ మండలంలో 59వ సూక్తానికి చివరిదైన 12వ ఋక్కు ఇది. ఋషి వసిష్ఠుడు, ఛందస్సు అనుష్టుప్పు. సూక్తమంతా మరుత్తులది కాగా ఈ ఒక్క ఋక్కూ రుద్రుడిది. మన జిల్లాల్లో వైదికులు ఎక్కువగా కృష్ణ యజుర్వేదంలోని తైత్తిరీయ శాఖవారు కనుక మనకు ఇది ఆ సంహిత మొదటి కాండం, ఎనిమిదవ ప్రపాఠకం నుంచి వచ్చింది. నమకం పదకొండు అనువాకాలు ముగిశాక దీన్ని చేర్చి చదవడం మొన్న శివరాత్రి అభిషేకాల్లో మీరంతా విన్నదే. అక్షరాలు లెక్కపెడితే మొదటి పాదంలో ఏడే వస్తాయి, మూడో పాదంలో తొమ్మిది వస్తాయి, మొత్తం మాత్రం 32కు సరిపోతుంది. ‘మృత్యుంజయ’ అనే మాట మంత్రంలో ఎక్కడా లేదు, అది మనం పెట్టుకున్న పేరు.

త్ర్యంబకుడంటే ముక్కంటి అని అందరికీ తెలుసు. తైత్తిరీయంలో ఈ మంత్రం ఉన్న అనువాకమే అంబికను రుద్రుడి సోదరిగా చెబుతుందంటే మాత్రం చాలామంది నా వైపు అనుమానంగా చూస్తారు, ఇప్పుడు మూడో వరుసలో ఒకరు చూస్తున్నట్టే. ఆ చర్చ మరోసారి చేద్దాం. ఇవాళ నాకు రెండు మాటలు ముఖ్యం. ‘యజామహే’ బహువచనం, అందరమూ కలిసి పూజిస్తున్నామని. ‘ముక్షీయ’ ఏకవచనం, నేను విడివడుదును గాక అని. విడిపించు అని శివుణ్ణి అడిగినట్టు మనం చెప్పుకునే తాత్పర్యం వ్యాకరణానికి నిలవదు. ఇక చివరి పదాన్ని తెలుగు చెవి ‘మా అమృతం’ అని వింటుంది, మాకు అమృతం ఇమ్మన్నట్టు. అక్కడి ‘మా’ మన మా కాదు, వద్దు అనే నిషేధం. ‘అమృతాత్’ పంచమీ విభక్తి. ఉర్వారుకం, అంటే దోసపండు, తన బంధనమైన ముచ్చిక నుండి విడివడినట్టు మృత్యువు నుండి విడివడుదును గాక, అమృతత్వం నుండి వద్దు అని అర్థం. పదం విరవడంలో ఇంత తిరకాసున్న ఈ ఋక్కుకు, ఋగ్వేద పదపాఠం కూర్చిన శాకల్యుడు పదాలు విడదీయలేదు. ఆయన అలా వదిలిన ఆరు ఋక్కులలో ఇదొకటి.

శుక్ల యజుర్వేదంలో దీనికొక చెల్లెలు ఉంది. త్ర్యంబక హోమంలో పెళ్లికాని ఆడపిల్లలు అగ్ని చుట్టూ తిరుగుతూ ‘పుష్టివర్ధనమ్’ అన్నచోట ‘పతివేదనమ్’ అని, చివర ‘ఇతో ముక్షీయ మాముతః’ అని చదివేవారు. ఇక్కడి నుంచి విడివడుదును గాక, అక్కడి నుంచి వద్దు అని. ఇక్కడ అంటే పుట్టింటివారు, అక్కడ అంటే భర్త అని శతపథ బ్రాహ్మణం విప్పి చెప్పింది. అత్తవారింటికి వెళ్లే పిల్లకూ, లోకం విడిచే ముసలివాడికీ పోలిక ఒకటే, దోసపండు.

నేను రాసుకొచ్చిన కాగితంలో దీని తరువాత అంగన్యాస కరన్యాసాలూ, జపసంఖ్యా ఉన్నాయి. అయితే పండు దగ్గరికి వచ్చాక నాకు కాగితం కనబడదు, క్షమించాలి.

మాది కృష్ణ లంకల్లో ఊరు. వేసవికి ఏరు తగ్గగానే ఇసుకలో గుంటలు తీసి, పశువుల ఎరువు వేసి మా నాన్నగారు దోస పాదులు పెట్టేవారు. తెల్లవారుజామున పండ్లు ఏరుకురమ్మని నన్ను పంపుతూ, “లాగితే ఊడేది ఒద్దురా, ముట్టుకుంటే ఊడేది తే” అనేవారు. పండిన దోసకు ముచ్చిక చుట్టూ వెంట్రుకంత గీత గుండ్రంగా పడుతుంది. కింద అరచెయ్యి పెట్టి కాస్త ఎత్తితే చప్పుడు లేకుండా చేతిలోకి వస్తుంది, తీగ కదలనైనా కదలదు. మామిడిపండయితే రాలి దెబ్బ తింటుంది. దోసపండు పడదు, అప్పటికే అది నేల మీద ఉంది. వాసన మాత్రం రెండు పాదుల అవతలికే తెలుస్తుంది. ‘సుగంధిం పుష్టివర్ధనమ్’ అనేవి శివుడి విశేషణాలని నేనే పిల్లలకు పరీక్షల్లో రాయించాను, అయినా ఆ ఇసుకలో నిలబడి వింటే అవి పండు గురించి కూడా అన్నట్టే ఉంటాయి.

నాన్నగారికి ఎనభై తొమ్మిదో ఏట జబ్బు చేస్తే ఈ ఊళ్లోనే ఒక ఆసుపత్రిలో చేర్చాను. పేరు అనవసరం, తప్పు వారిది కాదు. “ఇంటికి తీసుకెళ్లరా” అని ఆయన రెండుసార్లు అడిగారు. నేను తీసుకువెళ్లలేదు. పైగా ఇంట్లో పదకొండుమంది ఋత్విక్కులతో పదకొండు రోజుల జపం, చివర తిప్పతీగ ముక్కలు నేతిలో ముంచి హోమం ఏర్పాటు చేశాను. సంకల్పంలో ‘అపమృత్యు నివారణార్థం’ అని చెప్పించాను. “ఎనభై తొమ్మిదేళ్ల వారికి అపమృత్యువేమిటండీ?” అని అడిగిన పురోహితుణ్ణి కసురుకున్నాను. అపమృత్యువంటే అకాల మరణం, పిందె రాలిపోవడం. జబ్బుపడ్డ బిడ్డ కోసం జపం చేయించే తల్లిని నేను ఏనాడూ కాదనను, పచ్చికాయ తీగను పట్టుకునే ఉండాలి. నా ఎదుట మంచం మీద ఉన్నది పిందె కాదు.

ఏడో రోజున ముఖానికి ఉన్న మాస్కు కాసేపు తీశారు.

“ఇంట్లో ఏం చదివిస్తన్నావురా?”

“మృత్యుంజయం, నాన్నగారూ.”

“దోసపండు ఉంటది, అదేనా?”

అవునన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు. మణికట్టు మీద సూదిని పట్టి ఉంచిన ప్లాస్టరు అంచును బొటనవేలితో మెల్లగా నిమురుతూ పడుకున్నారు, తెల్లవారుజామున ఇసుకలో ముచ్చికలు నిమిరినట్టే. సూది పీకేసుకుంటారేమోనని నేను నర్సమ్మను పిలిచి ఆ చేతిని మంచం పట్టీకి కట్టించాను. ‘బంధనాత్’ అనే పదానికి తరగతిలో నేను చెప్పని వ్యుత్పత్తి లేదు, ఆ గుడ్డపీలిక ముడి దగ్గర ఒక్కటీ గుర్తు రాలేదు. పదో రోజు తెల్లవారకముందే ఆయన పోయారు. జపం ఇంకా పూర్తి కాలేదు.

అమ్మలారా, అయ్యలారా, జపం మానమని నేను చెప్పడం లేదు, రేపు పొద్దున నేనూ 108 చేసుకుంటాను. ఎవరి కోసం సంకల్పం చెబుతున్నారో ఆ మనిషి మంచం పక్కన కూర్చుని, ఆయనకు ఏం కావాలో ముందు అడగండి. రెండుసార్లు అడిగించుకోకండి.

ఈ పండు మీకు చూపిద్దామని తెచ్చాను గాని, అంగట్లోది కదా, ముచ్చిక దగ్గర కత్తితో కోసిన గాటు ఉంది. నేను చెప్పిన గీత దీని మీద లేదు. కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. ఒక్కసారి అందరం కలిసి మంత్రం చదివి లేద్దాం. ‘ముక్షీయ’ తరువాత ఒక్క క్షణం ఆగి, అప్పుడు ‘మా’ అనండి. నాకు స్వరం నిలవదు, ముందు వరుసలోని ఘనపాఠిగారు ఎత్తుకుంటే నేను వెనక అందుకుంటాను.