దిగాల్సిన స్టేషన్ దాటించిన నవలలు

నమస్తే. ఈ వీడియోలో నవలల గురించి మాట్లాడతాను. అయితే ముందే చెప్పేస్తున్నా, నేను సాహిత్యం చదువుకున్నవాణ్ణి కాదు. ఎల్బీనగర్‌లో ఇల్లు, రాయదుర్గంలో ఆఫీసు. రోజూ హైదరాబాద్ మెట్రో రెడ్ లైన్‌లో అమీర్‌పేట దాకా వచ్చి, అక్కడ బ్లూ లైన్‌కి మారాలి. ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు కుర్చీ దాకా గంటా పావు. సాయంత్రం మళ్లీ అంతే. ఫోన్ చూసి చూసి కళ్లు మండిపోయి, మూడేళ్ల కిందట పుస్తకం పట్టుకోవడం మొదలుపెట్టాను. ఇంట్లో కూర్చుని చదవమంటే నా వల్ల కాదు. ఇంట్లో టీవీ ఉంది, మావాడి హోంవర్క్ ఉంది, అన్నిటికంటే ముఖ్యంగా మంచం ఉంది. నేను చదివినవన్నీ మెట్రోలోనో, బస్సులోనో, రైల్లోనో చదివినవే. అందుకని నా అభిప్రాయంలో సగం నవలను బట్టి, సగం ఆ రోజు సీటు దొరికిందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. సాహిత్యం బాగా తెలిసినవాళ్లెవరైనా వింటుంటే కాస్త ఓర్చుకోండి.

మొదట 'అతడు అడవిని జయించాడు'. కేశవరెడ్డి గారిది. అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్నాను. ఆదివారం అక్కడ చాలా షాపులు మూసి ఉంటాయి కదా, ఆ షట్టర్ల ముందే పాత పుస్తకాలు పరుస్తారు. ఎంట్రన్స్ గైడ్లు, పాత ఇంగ్లీషు మ్యాగజైన్లు, ఎక్కడో అడుగున తెలుగు నవలలు. గొంతుక్కూర్చుని ఒక్కొక్కటీ పక్కకి తీసుకుంటూ వెతకాలి. ఇది సన్నగా ఉంది, బ్యాగులో బరువుండదని తీసుకున్నాను. అంతకుమించి కారణం లేదు. రచయిత పేరు కూడా అప్పటికి వినలేదు.

ఒక ముసలివాడు. నవల మొత్తంలో అతనికి పేరుండదు. పందులు కాసుకుంటాడు. పొద్దుగూకింది, చూడి పంది ఒకటి ఇల్లు చేరలేదు. దాన్ని వెతుక్కుంటూ అడవిలోకి పోతాడు. అంతే కథ. మలక్‌పేటలో మొదలుపెట్టాను, తలుపు పక్కన ఆనుకుని. ఒక చేతిలో పుస్తకం, ఇంకో చేత్తో పైన పట్టీ. పేజీ తిప్పాలంటే బొటనవేలితోనే. లక్డీకాపూల్ వచ్చేసరికి అతనికి పంది కనిపించింది. ఈనింది. చుట్టూ చీకటి, నక్కలు కాచుక్కూర్చున్నాయి. తర్వాత నేను తలెత్తి చూస్తే ఎర్రగడ్డ. అమీర్‌పేట దాటి మూడు స్టేషన్లు. జనం దిగారు, ఎక్కారు, నన్ను తోసుకుంటూ కూడా పోయి ఉంటారు, నాకు తెలియనే లేదు. దిగి, అవతలి ప్లాట్‌ఫామ్ మీదికెళ్లి, వెనక్కి వచ్చి, మీటింగుకి ఇరవై నిమిషాలు లేటు. ఏమైందని అడిగితే ఒంట్లో బాగోలేదన్నాను. పంది ఈనింది సార్ అని చెప్పలేను కదా.

ఆయన చిత్తూరు జిల్లా మనిషనీ, డాక్టరనీ, మన నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠు రోగుల ఆసుపత్రిలో ఏళ్ల తరబడి పనిచేశారనీ తర్వాత తెలిసింది. అప్పుడు అర్థమైంది, ఆ ముసలివాడి అలసట అంత నిజంగా ఎలా ఉందో. మోకాళ్లు ఎలా పట్టేస్తాయో, ఊపిరి ఎక్కడ ఆగుతుందో దగ్గరుండి చూసినవాడి రాత అది. నా లెక్కలో ఇదే నంబర్ వన్. మిగతావన్నీ దీని తర్వాతే.

ఇప్పుడు తిట్లు తినే మాట. 'వేయిపడగలు' నేను పూర్తి చేయలేదు. రెండుసార్లు మొదలుపెట్టాను. విశ్వనాథ సత్యనారాయణ గారు జ్ఞానపీఠం అందుకున్న కవి, ఈ నవలను పీవీ నరసింహారావు గారు కూర్చుని హిందీలోకి అనువదించారు, అన్నీ తెలుసు. కానీ అది చేత్తో పట్టుకునే పుస్తకం కాదు. తిరుపతి రైల్లో పై బెర్త్ మీద వెల్లకిలా పడుకుని, గుండె మీద పెట్టుకుని చదువుతున్నాను. సుబ్బన్నపేట, వేణుగోపాలస్వామి గుడి, ధర్మారావు, అంతా బాగానే నడుస్తోంది. మధ్యలో చర్చ మొదలైంది. చదువుల గురించి, ధర్మం గురించి, పాతకాలం ఎందుకు గొప్పదో దాని గురించి. నాకెప్పుడు కన్నంటుకుందో తెలియదు. పుస్తకం జారి కింద బెర్త్ ఆయన భుజం మీద పడింది. పాపం ఆయన మంచాయన. పుస్తకం ఎత్తి నా చేతికిస్తూ పేరు చూసి, "ఇదైతే పడితే తగుల్తది లెండి" అన్నారు. పసిరిక వచ్చిన పేజీలు మాత్రం నాకింకా గుర్తున్నాయి. ఆ పిల్లవాడి కోసమైనా మూడోసారి ప్రయత్నిస్తాను. రిటైరయ్యాక.

దీనికి పూర్తిగా వ్యతిరేకం యండమూరి. ఆయన నవలలు మెట్రో కోసమే రాశారా అనిపిస్తుంది. కారణం ఉంది. చేతబడి కథ 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. వారానికి నాలుగైదు పేజీలు, చివర్లో తలుపు చప్పుడో, పాప కేకో. మళ్లీ వారం దాకా పాఠకుణ్ణి ఆపాలి. ఆ ముక్క సరిగ్గా అమీర్‌పేట నుంచి రాయదుర్గానికి సరిపోతుంది. కొలిచి కోసినట్టు. మరి భయం వేసిందా అంటే, నిజం చెప్పాలి, వేయలేదు. పొద్దున తొమ్మిదింటికి ఏసీ పెట్టెలో, పక్కన ఒకాయన ఎక్సెల్ షీటు చూసుకుంటుంటే చేతబడి ఏం పనిచేస్తుంది? కరెంటు పోయిన ఇంట్లో చదివినవాళ్లు చెప్పే భయం నాకు రాలేదు. చదివించే గుణానికి మాత్రం నూటికి నూరు.

యద్దనపూడి 'సెక్రటరీ' మా అమ్మ పోరు పడలేక చదివాను. రాజశేఖరం గారు వచ్చినప్పుడల్లా ఆయన ఎత్తు, ఆయన హుందాతనం, ఆయన చూపు. నాకు విసుగొచ్చింది. అదే మాట అమ్మతో అంటే, "ఒరేయ్, ఆడపిల్ల ఉద్యోగానికెళ్లి, అంత పెద్ద బాస్‌కి ఎదురు మాట్లాడటమే మాకు పండగరా. ఆయన ఎత్తు ఎవడిక్కావాలి?" అంది. ఆ రాత్రి మళ్లీ తిరగేశాను. నిజమే, జయంతి మాట్లాడిన చోటల్లా నేను గబగబా పేజీ తిప్పేశాను.

ఇక 'చివరకు మిగిలేది'. బుచ్చిబాబు గారి ఈ నవల మీద నా అభిప్రాయం ఒక టోల్ గేటు దగ్గర మారిపోయింది. మెట్రోలో నెల రోజులు మోశాను, ముప్ఫై పేజీలు దాటలేదు. ప్రతి పేజీలో ఒక వాక్యం ఉంటుంది, అది చదవగానే తలెత్తి కిటికీలోంచి చూడాలనిపిస్తుంది. చూస్తే మూసీ కనిపిస్తుంది. మళ్లీ పుస్తకంలోకి వచ్చేసరికి ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో మర్చిపోతాం. దీన్ని గొప్ప నవల అని ఎందుకంటారో, నాకు మాత్రం తలకెక్కదని పక్కన పెట్టేశాను.

సంక్రాంతికి అత్తగారింటికి, గుంటూరు బయల్దేరాం. విజయవాడ హైవే పండగ ముందు ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. చౌటుప్పల్ దగ్గరి పంతంగి టోల్ గేటు వద్ద బస్సు ఆగిపోయింది. ఫోన్లో చార్జింగ్ లేదు. పిల్లాడు నిద్రపోయాడు. బ్యాగులో అరిసెల డబ్బా కింద ఈ పుస్తకం. రెండు గంటలు బస్సు కదల్లేదు, నేనూ కదల్లేదు. దయానిధి తల్లి గురించి ఊళ్లో నలుగురూ అనే మాటలు, అవి ఎక్కడికెళ్లినా వాడి వెంటపడటం, ఆ తల్లిని వాడు క్షమించలేడు, ప్రేమించకుండా ఉండలేడు. తలెత్తి చూస్తే బయట కూడా అంతా ఆగిపోయి ఉంది. తొందరపడేది ఎవరూ లేరు. ఆ నవలకి కావాల్సింది అదేనేమో. బస్సు కదిలినప్పుడు వెనక సీట్లవాళ్లు ఈలలు వేశారు, నాకు చికాకేసింది. అలాగని దయానిధి నాకు నచ్చాడనుకోకండి. మనిషి ఎంతసేపూ తన గురించే ఆలోచిస్తాడు. అమృతం వచ్చిన చోట పుస్తకం వెలుగుతుంది, ఆమె వెళ్లిపోగానే మళ్లీ ఈయన ఆలోచనలు. అమృతం వైపు నుంచి ఈ కథ ఎవరైనా చెబితే వినాలని ఉంది.

'చిల్లర దేవుళ్లు' గురించి ఎక్కువ చెప్పను. దాశరథి రంగాచార్య గారిది, నిజాం కాలం నాటి తెలంగాణ పల్లె, దొర గడీ. నల్గొండ బస్సులో చదివాను. మా నాయనమ్మ పోయాక మళ్లీ వినని మాటలు అందులో కనిపించాయి. విమర్శించే స్థితిలో లేను.

నవ్వించినది ఒకటే, మొక్కపాటి వారి 'బారిస్టర్ పార్వతీశం'. మొదటి భాగం 1924 నాటిది. మొగల్తూరు కుర్రాడు ఇంగ్లండ్ బయల్దేరతాడు, మద్రాసులో దొరలాగా ఉండాలని టోపీ కొంటాడు, అది ఆడవాళ్ల టోపీ అని తెలియదు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో, ఖమ్మం దగ్గర, ఆపుకోలేక నవ్వుతుంటే ఎదుటి సీట్లో పెద్దావిడ "ఏం బాబూ?" అన్నారు. అట్ట చూపించాను. "టోపీ దగ్గరున్నావా?" అన్నారు. అంతే, తాడేపల్లిగూడెంలో ఆవిడ దిగేదాకా కబుర్లే. మూడో భాగం మాత్రం నాకు పట్టలేదు. అప్పటికి పార్వతీశం తెలివైనవాడైపోయాడు. తెలివైన పార్వతీశం నాకెందుకు?

చివరగా ఒక సహాయం కావాలి. కోఠిలో ఇరవై రూపాయలకి ఒక డిటెక్టివ్ నవల కొన్నాను. అట్ట లేదు, కాబట్టి పేరు తెలియదు, రాసిందెవరో తెలియదు. లోపల ఏదో అద్దె లైబ్రరీ ముద్ర, సగం చెరిగిపోయింది. ఎస్టేటు యజమాని హత్య, అనుమానం డాక్టరు మీద, గుమాస్తా మీద. 168వ పేజీలో "తలుపు తెరిచి నిలబడ్డ మనిషిని చూసి ఇన్‌స్పెక్టర్" అని ఉంది. ఆ తర్వాత పేజీలు లేవు. మీ ఇంట్లో అటక మీద ఎక్కడైనా ఈ పుస్తకం ఉంటే, ఆ తలుపు దగ్గర ఎవరున్నారో కింద రాయండి. నాకైతే గుమాస్తా మీదే అనుమానం.